మాది ఈడనే

ప్రొద్దుటూరులో మూడో తరగతితో బడి మానేసిన నేను, అరవై దాటాక రెండేళ్లు యూనివర్సిటీ ఊళ్లో ఉన్నాను. మనవరాలు అక్కడ పెద్ద చదువు చదువుతుండేది. హాస్టలు తిండి పడక కడుపునొప్పి తెచ్చుకుంటే, గది అద్దెకు తీసుకుని వండిపెట్టడానికి వెళ్లాను. సముద్రం పక్కన పాత ఊరు. యూనివర్సిటీ గేటు దాటితే నల్లరాతి కట్టడాలు, మా తాతల కన్నా పెద్ద చెట్లు. తెల్లారి ఆ చెట్ల కింద ఎండుపుల్లలు ఏరుకొచ్చి పెరట్లో నీళ్లు కాచేదాన్ని. గ్యాసు మిగిలేది.

వెళ్లిన వారానికే గేటు ఎదుటి కూరగాయల అంగట్లో ధర విని, "టమోటాలు శానా పిరమబ్బా" అన్నాను. అంగడి ఆవిడ పకపకా నవ్వింది. "మళ్లీ అనండి మామ్మగారూ, అచ్చం సినిమాలోలాగే ఉంది!" అంది. ఇంట్లో ఎవరేమన్నా ఎదురు చెప్పకుండా వదలని దాన్ని, ఆ రోజు నోరు మెదపకుండా వచ్చేశాను. అప్పటి నుంచి "యాడ" మానేసి "ఎక్కడండీ" నేర్చుకున్నాను. ఆరు నెలలకు ఎవరూ నవ్వడం లేదు. అదే గొప్పనుకున్నాను.

అడ్మిషన్ల రోజుల్లో గేటు ముందు ఒకామె ఎదురైంది. పక్కన కూతురు, సర్టిఫికెట్ల కవరు గుండెకు హత్తుకుని ఉంది.

"అమ్మా, సీట్లిచ్చే ఆఫీసు యాడ? ఈ పొద్దే ఆఖరంట. ఒంటిగంటకు మూసేస్తారంట."

"లోపలికి వెళ్లి కుడివైపు తిరగండి" అన్నాను.

లోపల కుడివైపు మూడు దారులున్నాయి. నాకు తెలుసు. తోడు వెళ్తే పది నిమిషాల పని. కానీ అంగడి ఆవిడ అక్కడే నిలబడి వింటోంది.

"నిన్ను చూస్తే మా పులివెందుల తట్టు మనిషి మాదిరుండావే. యాడమ్మా మీది?"

"కాదండీ. మాది ఈడనే."

"సరేలే తల్లీ" అని కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

రెండింటికి మనవరాలు వచ్చింది. వెనకే ఆ తల్లీ కూతుళ్లు.

"అవ్వా, మన జిల్లావోళ్లు. దారి తెలీక మూడు ఆఫీసులు తిరిగినారంట. మెట్ల మీద కూసోని ఏడుస్తాంటే నేనే తోడు పోతి. తలుపు మూస్తాండంగా దూరినాం. సీటొచ్చింది! పొద్దున్నుంచి ఏమీ తినల్యా, సంగటి పెట్టు."

రాగిసంగటి, చెనక్కాయల చట్నీ వడ్డించాను. నేను తల ఎత్తలేదు.

"ఎవురో ముసలామె అంట అవ్వా, దారి కూడా సరిగ్గా చెప్పల్యా. ఏం మనిషో!" అంది మనవరాలు.

"పోనీలేమ్మా, ఆమెకేం తొందరుండిందో" అని, ఆ తల్లి ఇంకో ముద్ద పెట్టించుకుంది.

తిన్నాక పెరట్లో ఆమె చేతులకు నీళ్లు పోశాను. అప్పుడు గొంతు తగ్గించి అంది: "అబద్ధమన్నా సరిగ్గా చెప్పకపోతివే అక్కా. ఈ ఊరోళ్లు 'ఈడనే' అంటారా యాడన్నా?"

నీళ్లను లెక్కగా వాడే దాన్ని, చెంబు మొత్తం ఆమె చేతుల మీద ఒలకబోశాను.

మనవరాలికి ఈ రోజుకీ చెప్పలేదు. ఆ ముసలామె సంగతి అప్పుడప్పుడూ ఎత్తి తిడుతుంటుంది. నేను చేటలో బియ్యం పోసుకుని, లేని రాళ్లు ఏరుతుంటాను.