మునిచంద్ర జూన్ ముప్పై

మునిచంద్రకు పుట్టినరోజు పెట్టింది నేనే. 1971లో రామసముద్రం దగ్గర ఒక పల్లెబడిలో నేను కొత్త అయివారిని. వాళ్ళమ్మ ఆదెమ్మ వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఎప్పుడు పుట్టినాడమ్మా?"

"చెనిక్కాయలు పెరికేటప్పుడు, అయివోరా."

రిజిస్టరులో పుట్టినతేదీ గడిలో చెనిక్కాయలు పట్టవు, వేరుశనగ అని రాసినా పట్టవు. జూలై ఒకటి అని రాశాను. వాడి ముందువాడికీ అదే, వెనకవాడికీ అదే. మా వైపు సగం మంది జూలై ఒకటినే పుట్టారు. తల్లులకు మాత్రం ఆ సంగతి తెలియదు.

మునిచంద్ర బి.కాం. పాసయ్యాడు, టైపు లోయరు పాసయ్యాడు. ఎంప్లాయ్‌మెంట్ కార్డు మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించాడు. కార్డు నలిగింది గానీ పిలుపు రాలేదు. పేపర్లో పడే ఉద్యోగాలకు వేలమంది ఎగబడతారని గ్రహించి, 1993లో సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టాడు. మనిషి దిగిపోతేనే కదా కుర్చీ ఖాళీ అయ్యేది? ఎవరు ఎప్పుడు దిగిపోతారో తెలుసుకుంటే చాలు.

రెండొందల పేజీల నోటుబుక్కు కొని, మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని మూడు భాగాలు చేశాడు. ఏ ఆఫీసులో ఎవరు ఏ నెలలో రిటైరవుతారో అందులో రాసుకున్నాడు. నెలాఖరు రాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్ళ వీడ్కోలు సభకు వెళ్ళేవాడు. వెనక వరసలో కూర్చుని మిక్చరు తిని, శాలువా కప్పడం అయ్యాక దగ్గరికి పోయి అడిగేవాడు.

"మీ సీట్లోకి ఎవురొస్తాండారు సార్?"

"పైనుంచి రావాలప్పా."

పైనుంచి వాన తప్ప ఏదీ రాలేదు. మా వైపు అదీ తక్కువే. కొన్ని ఆఫీసుల్లో వాణ్ణి స్టాఫనుకుని, వేదిక మీదికి పిలిచి రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాడు. బాగా మాట్లాడతాడని పేరొచ్చింది.

ఇలా ఆరేళ్ళు గడిచి 1999 వచ్చింది. ఆ జూలై ఒకటితో సర్కారు ఉద్యోగానికి వాడి వయసు దాటిపోతుంది. చెనిక్కాయల లెక్కన నవంబరు దాకా, ఇంకో నాలుగు నెలలు ఉండాలి. ఆ నాలుగు నెలలు మింగింది నేనే.  ఆ మాట నేను వాడి దగ్గర ఎత్తలేదు.

జూన్ ముప్పైన వాడి ఆఖరి సభ. పుంగనూరులో ఒక ఆఫీసులో గురప్ప అనే అటెండరు దిగిపోతున్నాడు. మాకు దూరపు చుట్టం కాబట్టి నేనూ వెళ్ళాను. చూస్తే షామియానా లేదు. గురప్ప మెడలో దండతో ఎండలో నిలబడి ఉన్నాడు. అంతలో షామియానాల గోవిందప్ప లూనా మీద ఉత్తచేతులతో వచ్చాడు.

"ఒకే దినం తొమ్మిది మంది దిగిపోతే నేనేం సేసేది? నాకుండేవి నాలుగు షామియానాలు. అందురూ నిన్న సాయంత్రం వచ్చి సెప్పినారు."

"తొమ్మిది కాదన్నా, పదకొండు," అన్నాడు మునిచంద్ర. "కుప్పంలో ఇద్దురుండారు."

"నీకెట్ల తెలుసు?"

మునిచంద్ర నోటుబుక్కు తీసి చూపించాడు. జూలై ఒకటిన పుట్టినవాళ్ళంతా యాభై ఎనిమిదేళ్ళకు జూన్ ముప్పైనే దిగిపోవాలి కదా. పేజీ నిండా పేర్లే.

"ముందే యాల సెప్పలేదప్పా?"

"ఎవురూ అడగలేదు."

"వచ్చే జూన్ ముప్పైకి?"

"పద్నాలుగు. మదనపల్లెలోనే ఏడు."

గోవిందప్ప లూనాకు స్టాండు వేసి, మెట్టు మీద కూర్చుని పుస్తకం చివరిదాకా తిప్పాడు. 2011 దాకా ఉంది.

"రేపట్నుంచి మా అంగడికి రా. నెల ముందే తిరిగి ఆర్డర్లు పట్టాల."

"రేపు జూలై ఒకటన్నా. రేపటికి నాకు వయసైపోతాది."

"షామియానాకు వయసు యాడిదప్పా? నాకు అరవై నాలుగు. గుంజలు ఇంకా నేనే మోస్తాండా."

 మునిచంద్ర గురప్ప దగ్గరికి వెళ్ళి, అలవాటు ప్రకారం సీటు సంగతి అడిగాడు. పైనుంచి రావాలన్నాడు గురప్ప. అప్పుడు వెనక్కి వచ్చి గోవిందప్పకు సరేనన్నాడు.

ఆ రోజు ఇంటికి పోతే ఆదెమ్మ అడిగిందట.

"ఉద్యోగమొచ్చిందంట గదా. ఏ ఆఫీసులోప్పా?"

"అన్ని ఆఫీసుల్లోనూ అమ్మా."

2004లో నా వంతు వచ్చింది. నాదీ జూన్ ముప్పైయే. నా జూలై ఒకటి మా అయివారు రాసింది. మే నెలలోనే మునిచంద్ర మా ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచాడు. అట్టలు పోయి, దారంతో కుట్టి ఉంది. నా పేరు అందులో ఎప్పుడో రాసిపెట్టాడు.

"నీకు ఆ తేదీ రాసింది నేనేనప్పా," అన్నాను, ముప్పైమూడేళ్ళ తర్వాత.

"తెలుసు సార్. మీరంతా అట్ల రాయకుంటే నాకు జూన్ సీజన్ యాడిది? కుర్చీలెన్ని సెప్పండి."

"నూరు చాలు."

"నూటిరవై ఏస్తా. ఉద్యోగాలెతికే పిల్లోళ్ళు వస్తారు, ఎనక వరస వాళ్ళకి ఇడిసిపెట్టండి. మిక్చరు కూడా ఆ లెక్కనే సెప్పండి సార్."