పైపు మరల్లో నీలం రంగు

మొన్న పక్కింటివాళ్లు ఇనుప గేటుకు పెయింటు వేయిస్తుంటే ఆ వాసన కిటికీలోంచి వచ్చింది. చదువుతున్న పుస్తకం మూసేశాను. ఆ వాసనకు నాకిప్పటికీ సూరిబాబు గారు గుర్తుకొస్తారు. నేను చేసింది ఎంతవరకు తప్పో తేలని ఒక మధ్యాహ్నమూ గుర్తుకొస్తుంది.

ఆయన నరసాపురం దగ్గర ఒక రొయ్యల షెడ్డులో వైర్‌మన్. నేను ఆయన కింద పనిచేసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగినా, పాలకొల్లు లైబ్రరీలో కరెంటు పుస్తకాలన్నీ చదివేశానన్న గర్వం నాకుండేది. ఐసు పగలగొట్టే మిషనుకు కొత్త లైను వేస్తున్నప్పుడు, వైర్లు పోయే ఇనుప పైపే ఎర్త్‌గా సరిపోతుందని, విడిగా ఎర్త్ వైరు అక్కర్లేదని పుస్తకంలో చూపించాను. "సరే, బిగించు, చూద్దాం," అన్నారాయన. మా వైపు ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. అందుకని ఏ సామానైనా రంగు పూశాకే బిగిస్తాం. నేనూ పైపులకు చివర్లో తిప్పి బిగించే మరలతో సహా నీలం రంగు పూసి, ఆరాక రెండేసి పైపుల్ని కలిపే కప్లింగులు బిగించాను.

ఆ మిషను దగ్గర షెడ్డు కూలీ మంగ రోజంతా తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి ఐసు ఎత్తేది. లోపల వైరు ఒరిసి బాడీకి తగిలితే, కరెంటు పైపు గుండా పోయి ఫ్యూజు కొట్టెయ్యాలి. లేకపోతే అది మంగ గుండా పోతుంది.

సూరిబాబు గారు అందర్నీ దూరంగా నిలబెట్టి, లైనుకూ మిషను బాడీకీ మధ్య టెస్ట్ లాంప్ పెట్టారు; పైపు ఎర్త్‌గా పనిచేస్తే బల్బు వెలగాలి. వెలిగింది. "చూశారాండీ!" అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ పిడితో కప్లింగు మీద కొట్టారు. బల్బు ఆరి, మళ్లీ వెలిగింది.

"ఏంటి తమ్ముడూ, దీపావళా?" అంది మంగ.

మెయిన్ ఆపి కప్లింగు విప్పించారు. మరల నిండా రంగే. ఒక్కచోట మాత్రం గీసుకుపోయి ఇనుము మెరుస్తోంది. "బల్బుకి కాస్త కరెంటు చాలు, ఈ గీత సరిపోయింది. ఫ్యూజు పోవాలంటే బోలెడు కరెంటు పారాలి, దానికిది చాలదయ్యా."

"మరి పుస్తకం తప్పాండీ?"

"నేనలా అన్లేదే. ఇనుము ఇనుముకి తగలాలి. మధ్యలో రంగు పెట్టింది నువ్వు."

"పెట్టకపోతే తుప్పు పడుతుంది కదండీ. అదీ అడ్డమేగా?"

ఆయన మరల మీద రంగును గోటితో గీరారు. "అదే నాకూ తేలదు," అన్నారు. మరలు గీకించి గట్టిగా బిగింపించారు, పైన మాత్రమే రంగు వేయించారు. దాంతోపాటు పైపు లోపల పచ్చ ఎర్త్ వైరు కూడా లాగించారు. రెండూ ఎందుకని అడిగాను. "ఏది నన్ను మోసం చేస్తుందో తెలీక," అన్నారు.

మంగ ఆయన్ని అడగలేదు. నా వైపే చూసింది. "నిలబడమంటావా?"

మళ్లీ లాంప్ పెట్టి, ఒక్కో కప్లింగు మీదా కొట్టి చూశాకే తలూపాను.

తరవాత చాలా పుస్తకాలు చదివాను. పైపు చాలని కొన్ని, వైరూ వెయ్యమని కొన్ని. నాకింకా తేలలేదు. కానీ ఏ జాయింటు బిగించబోయినా ముందు బొటనవేలు మరల్లో తిప్పి చూసుకుంటాను. మంగ ఇంకా నా వైపే చూస్తున్నట్టుంటుంది.