నా టంకం, ఆయన పెన్సిలు

నాచారం ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇరవై ఏళ్లు నేను టంకం పెట్టాను, మా ఇన్‌స్పెక్టరు దాన్ని తనిఖీ చేశాడు. జాయింటు నచ్చకపోతే నా బల్ల మీద పెన్సిలుతో రెండుసార్లు కొట్టి "రిజెక్ట్" అనేవాడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రెండు దెబ్బలు వింటే ఒళ్లు మండేది.

అలాంటి మనిషికి పోయిన ఏడాది గొంతు ఆపరేషనై మాట పోయింది. చర్లపల్లిలో ఇల్లు కదలడం మానేశాడు. ఫోన్లో నేనేం రాసినా బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకునేవాడు. నాకు దిగులేసింది. మా ఇద్దరికీ ఇంటి నుంచి ఇంటికి మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సులున్నాయి. చుక్కలు, గీతలతో మోర్సు కోడు కొట్టడానికి గొంతుతో పనేముంది? ఆదివారం ఎనిమిదింటికి పిలుస్తాను, రేడియో దగ్గర కూర్చో అని రాశాను. సరే అని రాశాడు. రెండు నెలల్లో ఆయన రాసిన మొదటి మాట అది. ఈసారి తప్పితే మళ్లీ కూర్చోడని నా భయం.

ఆదివారం ఏడింటికే డాబా ఎక్కి, సంచిలో పట్టే మడత కర్రను నిలబెట్టి దానికి యాంటెనా తీగ కట్టాను. మీటరు చూస్తే అయిదు! ఒకటిన్నర లోపు ఉండాలి. అంటే రేడియో పంపే పవర్లో దాదాపు సగం వెనక్కే తిరిగొస్తోంది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. నేను నీళ్ల ట్యాంకును తిట్టాను, కింది ఫ్లాటువాళ్లు బట్టలారేసే ఇనప తీగను తిట్టాను, ఎక్కడో ఉప్పల్లో పోయే మెట్రోను కూడా వదల్లేదు. తీగ పొడవెక్కువైందేమోనని మూరెడు కత్తిరించాను. మొక్కలకు నీళ్లు పోస్తున్న మా ఆవిడ ఆ ముక్క తీసుకుని కాకర పాదుకు కట్టుకుంది. మీటరు మాత్రం దిగలేదు.

నా తిట్లన్నీ విని ఆవిడ దగ్గరకొచ్చింది. రేడియో నుంచి తీగకు వెళ్లే కేబులు చివర నేను టంకం పెట్టిన ప్లగ్గు చూపించి, "గీ జాయింటు ఎవరు చెక్ జేసిన్రు?" అంది.

నేనే అన్నాను.

"కంపెనీల నీ పని నువ్వే పాస్ జేస్కునేటోనివా?"

తల కొట్టేసినట్టయింది. ప్లగ్గు విప్పి తీగ లాగితే ఊడి చేతికొచ్చింది. టంకం అంటుకోనే లేదు. ఇరవై ఏళ్ల పనివాణ్ణి! కిందికి పరిగెత్తి మళ్లీ టంకం పెట్టి, ఈసారి ఆవిడనే లాగి చూడమన్నాను. మొహమాటం లేకుండా లాగింది. మీటరు రెండున్నరకు దిగింది. మిగతా పాపం నా కత్తెరది. కాకర పాదు దగ్గరి ముక్క విప్పి తెచ్చి తీగకు మెలేస్తే ఒకటిన్నర లోపుకు వచ్చింది.

అప్పటికి ఎనిమిదీ ఇరవై. పిలిచాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. మూడోసారికి చర్లపల్లి పలికింది. ఎందుకు ఆలస్యం అని అడిగాడు. దాచడమెందుకని, తప్పు నా జాయింటుదే అని కొట్టాను. తర్వాత తీరిగ్గా, ఒక్కో అక్షరమే వచ్చింది. ఆర్, ఇ, జె, ఇ, సి, టి. దాని వెనకే రెండు చుక్కలు, టక్ టక్.

ఇరవై ఏళ్లు ఆ మాటకు ఒళ్లు మండించుకున్నవాణ్ణి, ఇంకోసారి చెప్పమని అడిగాను. చెప్పాడు.