వాకిట్లో పోసిన వాన

రండి, ఈ చాప మీదికి జరిగి కూర్చోండి. చేతిలో పనేదైనా ఉంటే ఉండనియ్యండి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూడా వినొచ్చు. మా మామ వాకిట్లో చెరువు కట్టిన సంగతి చెబుతాను.

నేను నల్లగొండ జిల్లాలో ఒక మెట్ట ఊరికి కోడలిగా వచ్చిన కొత్త రోజులవి. నిజాం రాజ్యం పోయి ఎన్నో ఏళ్ళు కాలేదు. కృష్ణా కాలువలు మా దిక్కుకు ఇంకా రాలేదు. ఊరంతటికీ ఒకటే చెరువు, ఆ చెరువుకు వానే దిక్కు. మా మామ ఊరి నీరటి. తూము ఎత్తి, దించి, ఎవరి మడికి ఎంత నీరు పారాలో చూడడం ఆయన పని. అందుకే విత్తే కాలం రాగానే జనం ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

"ఈసారి చెరువు నిండుతదా మామా? వరి వేద్దామా, జొన్న వేద్దామా?"

అంతకు ముందు రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. మా గుమ్మిలో విత్తనపు వడ్లు తప్ప వేరే గింజ లేదు. అవి విత్తితే పంట మీద ఆశ, దంచితే కొన్నాళ్ళ బువ్వ. ఏది చేయాలో తేలక మా అత్త గుమ్మి చుట్టూ తిరుగుతూ ఉండేది.

అప్పుడు మామకు ఒక ఆలోచన పుట్టింది. గుట్ట మీది మొరం మట్టి తెచ్చి వాకిట్లో గుట్టను చేశాడు. వాగు ఇసుకతో వాగు చేశాడు. చెరువు నల్లమన్నుతో చెరువు, కట్ట, దాని కింద మడులు, అన్నీ చేశాడు. ఒక పాత కుండకు అడుగున చిల్లులు పొడిచాడు. అదే వాన.

"ముసలితనంల బొమ్మరిల్లు ఆడుకుంటుండు మీ మామ," అని అత్త నవ్వింది.

"నవ్వు నవ్వు. ముందుగాల అయిపోయిన వాన పోసి చూస్త. జరిగింది సక్కగ చెప్తెనే గదా, జరగబోయేది నమ్మేది," అన్నాడు మామ.

ఊళ్ళో మగవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. చెరువు తెగిన ఏడాది వాన ఎట్లా కొట్టిందో మామకు కండ్ల ముందర ఉన్నట్టే ఉంది. అట్లాగే ఆగకుండా పోశాడు. చిన్న చెరువు నిండి, కట్ట కుడి మూలన తెగింది.

"అరే, గదే మూల! మా బర్రె కొట్కపోయింది గాడనే!" అని ఒకాయన లేచి నిలబడ్డాడు.

ఇక అందరికీ నమ్మకం కుదిరింది. మామ మళ్ళీ కట్ట పూడ్చి, కుండ ఎత్తి, "మరి ఈయేటి వాన ఎంత పొయ్యాలె?" అని అడిగాడు. చెరువు కింద చివరి మడి చేసే సాయిబు, "పొయ్యి భయ్యా, నిండుగ పొయ్యి. జర నా మడి దిక్కు ఎక్కువ పొయ్యి. నీ సొమ్మేం పోతది!" అన్నాడు. అందరూ నవ్వారు.

"మీ ఆశ పొయ్యమంటరా, వాన పొయ్యమంటరా?" అని మామ కసిరి, ఎక్కువా తక్కువా కాకుండా నడిమి తీరు వాన పోశాడు. నీళ్ళు గుట్ట మీద నుంచి జలజలా జారి, వాగు పట్టి, చెరువులో తూము దాకా నిలిచాయి. అంటే వరికి సరిపోయే నీళ్ళన్నమాట.

అంతే, జనం లేచారు. ఆ సాయంత్రానికి ఇంటింటా వడ్లు నానాయి. మేమూ నానబెట్టాం. నానిన వడ్లను గోనెలో కట్టి, మీద బరువు పెట్టి మొలక తెప్పిస్తాం. దాన్నే మండె కట్టడం అంటాం. మండె కట్టిన గింజ మళ్ళీ గుమ్మికి రాదు. తినడానికీ పనికిరాదు, దాచడానికీ పనికిరాదు.

రెండు మూడు రోజుల్లోనే ఎండలు ఇంకా ముదిరాయి. వాకిట్లో గుట్ట నెర్రెలు బారింది. వాకిలి ఊడుస్తున్న అత్త చీపురు పక్కన పెట్టి దాన్నే చూస్తూ నిలబడింది.

"పిల్లా, గా చిల్లుల కుండ ఇటు తే."

తెచ్చి ఇచ్చాను. మామ ఎంత పోశాడో అంతే పోసింది. గుట్ట తాగింది. వాగు తాగింది. చెరువులోకి ఒక్క చుక్క కూడా రాలేదు.

"ఓ, ఏడున్నవ్? జర ఇటు రా!"

మామ వచ్చాక మళ్ళీ కొన్ని నీళ్ళు పోసి చూపించింది. ఈసారి తడిసిన గుట్ట మీద నుంచి నీళ్ళు చెరువులోకి జారాయి. "పాత వాన పోసిన తడి ఆరకముందే కొత్త వాన పోస్తివి. గప్పుడు నీ గుట్ట కడుపు నిండి ఉండె. మన గుట్ట రెండేండ్ల సంది ఉపాసమున్నది గదయ్యా."

మామ తువ్వాల భుజాన వేసుకుని ఊళ్ళోకి పోయాడు. నీళ్ళ బిందెతో నేనూ వెనకాలే పోయాను. సాయిబు ఇంటి ముందర ఆగి సంగతి చెబితే, ఆయన మామ చెయ్యి పట్టుకుని గోనె మీద పెట్టాడు.

"చూడు భయ్యా, ఎంత ఎచ్చగున్నదో. లోపట మొలకలు లేసినయ్. ఇప్పుడు వద్దంటే ఆగుతయా?"

ఏ ఇంట్లో చూసినా అదే. ఇక చేసేదేముంది? బావుల్లో ఉన్న కాసిన్ని నీళ్ళతో మడి బురదగా దున్ని దమ్ము చేసి అందరూ నారు పోశారు. మేమూ పోశాం.

ఆరుద్ర కార్తెలో వాన వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. మేమందరం కట్ట మీదికి ఉరికాం. ఎక్కువా కాదు, తక్కువా కాదు, నడిమి వాన. గుట్ట తాగింది. వాగులో ఇసుక రంగు మారింది, అంతే. చెరువు అడుగు బురద కూడా కాలేదు.

"నేను పోసినంతే కొట్టింది," అన్నాడు మామ, ఎవరితోనో కాదు, తనలో తనే.

పచ్చగా లేచిన నారు పసుపెక్కింది. ఆడవాళ్ళం తాగే నీళ్ళ బావి నుంచి మోసి పోశాం. ఆ బావిలోనూ బురద తేలింది. మగవాళ్ళు మళ్ళీ వచ్చి, "ఇంకొక్కసారి పోసి చూడు మామా, మల్ల వాన ఎప్పుడొస్తదో," అని బతిమాలారు.

"పొయ్యడమైతే పోస్త బిడ్డా. మీద పోసేటోనికి నా కుండ కనవడతదా?" అన్నాడు.

ఇంకో వాన రాలేదు. ఒక పొద్దున మామే నారుమడి చుట్టూ పెట్టిన ముండ్లకంప తీసేశాడు. "ఎండి బూడిదయ్యేకంటె జీవాల కడుపులన్న పడని," అని పక్కింటి గొల్లాయనను పిలిచాడు. మేకలు దిగాయి. అవి కరకరా కొరుకుతుంటే అత్త గట్టు మీద కూర్చుని చూసింది. తలుపు వేసుకుని లోపల ఉంటుందనుకున్నాను, ఉండలేదు. చివరి పరక దాకా చూసి, కొంగు దులుపుకుని లేచి, "నడువు పిల్లా, అడివికి పోయి గడ్డలన్న తవ్వుకొద్దాం," అంది.

విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీవాళ్ళు విత్తిన ప్రతి గింజకూ అదను తప్పకుండా తడి అందాలి. ఎసరు మరిగే వేళ మీ పొయ్యి ముందర ఎవరూ ఒట్టి చేతులతో నిలబడకూడదు.