అద్దం వెనుక రుమాలు

అండాలమ్మకు యాభై రెండేళ్లు. నార్కట్‌పల్లి దగ్గరి పల్లెలో నూనెలో నానబెట్టిన నూలుతో తేలియా రుమాళ్లు నేస్తుంది. నూలుకు లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచితే, నేసేటప్పుడు బట్ట మీద బొమ్మ తేలుతుంది. వాళ్ల బాపు అంచు చుట్టూ జంట పిట్టలతో ఒక రుమాలు నేసేవాడు. పక్షవాతంతో మాట పడిపోయి, ఆ లెక్క ఎవరికీ చెప్పకుండానే పోయాడు. మూడేళ్లుగా ఆమె ప్రయత్నిస్తోంది. ప్రతిసారీ పిట్ట బొమ్మ ముక్కు దగ్గరే విరిగిపోతోంది.

బాపు నేసిన అట్లాంటి రుమాలొకటి హైదరాబాద్‌లో ఒక పెద్ద మ్యూజియంలో ఉందని కూతురు నిహారిక కనుక్కుంది. మర్నాటి నుంచి ఆ గదిని మరమ్మతులకు మూసేస్తున్నారట. తల్లీకూతుళ్లు అప్పటికప్పుడు బస్సెక్కారు. చౌటుప్పల్ దగ్గర టైరు పోయింది. లోపల అడుగుపెట్టేసరికి నాలుగు దాటింది. ఐదింటికి మూసేస్తారు.

రుమాలు అద్దం వెనుక సగానికి మడిచి ఉంది. ఫొటోలు తీయొద్దని బోర్డు. అండాలమ్మ ముఖం అద్దానికి ఆనించి పోగులు లెక్కపెట్టసాగింది. మర్చిపోకుండా రొండిన ఉన్న సంచిలోంచి దారం తీసి, లెక్కకో ముడి వేసుకుంటోంది.

"అమ్మా, జర ఎనుకకు జరుగు. ఆ దారమెందుకు?" కాపలా ఉన్న డానియల్ అడిగాడు.

లెక్క తప్పుతుందని ఆమె తలెత్తలేదు. అతనికి అనుమానం పెరిగింది. వచ్చి అద్దానికీ ఆమెకూ మధ్య నిలబడి, వాకీటాకీలో పైవాళ్లను పిలిచాడు.

"మా అమ్మ నేత పని చేస్తది సార్. లెక్క చూస్తాంది," అంది నిహారిక.

"అందరు ఏదో ఒకటి చెప్తరు."

ఆఫీసరమ్మ వచ్చేసరికి ఐదుకు పావుగంటే ఉంది. దారాన్ని తీసుకుని తిప్పి చూసింది. "ఇదేంటి?"

"మా బాపు కట్టిన పిట్ట లెక్క మేడం. ముక్కు దాంక అచ్చింది. కావాల్నంటే నా సంచి తీస్కోండ్రి. జర చూడనియ్యండ్రి."

ఆఫీసరమ్మ ఆ ముడులను వేలితో తడిమి చూసింది. తర్వాత దారం తిరిగి ఇచ్చింది. "డానియల్, పక్కనే ఉండు. గంట కొట్టేదాకా చూడనీ."

మాటల్లో లెక్క జారిపోయింది. అండాలమ్మ పిట్ట మెడ నుంచి మళ్లీ మొదలుపెట్టింది. పక్క గదుల్లో దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. వెనుక డానియల్ ఊపిరి వినిపిస్తోంది. ముక్కు దగ్గర ఆమె వేలు ఆగింది. మిగతా అంతటా పది పోగులకోసారి బొమ్మ గీత మలుపు తిరుగుతోంది. ఇక్కడ మాత్రం బాపు ఎనిమిదికే తిప్పాడు. మరోసారి లెక్కపెట్టింది. ఎనిమిదే. ముడి బిగిస్తుండగా గంట మోగింది.

"దొరికిందా అమ్మా?" అన్నాడు డానియల్, ఈసారి మెల్లగా.

"దొరికింది బిడ్డా. నడిమి బొమ్మే మడతల పడ్డది. కానరాలే."

నాలుగు నెలలకు రుమాలు మగ్గం దిగింది. అంచు పొడుగునా ఒక్క ముక్కూ విరగలేదు. నడుమ ఆమె తనకు తోచిన చేపలు కట్టింది.

"తాత గూడ చేపలే కట్టిండా?" నిహారిక అడిగింది.

"తెలువదే. ఇవైతే నావి," అంటూ అండాలమ్మ రుమాలును ఎండకు ఎత్తి చూసింది.