ఉపగ్రహాలూ గృహప్రవేశమూ

మా అక్క గృహప్రవేశానికి ఆవును తీసుకొచ్చే పని నాకు అప్పగించారు. మిగతా పనులన్నీ చేయగలిగినవాళ్ళకు పంచేశాక మిగిలింది అదొక్కటే. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో నాది క్వాలిటీ సెక్షన్. ఎదుటివాళ్ళు చేసినదాంట్లో లోపాలు వెతకడం తప్ప సొంతంగా ఏమీ చేయనక్కర్లేని ఉద్యోగం. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ బాగా తెలుసు.

అయితే ఆ రోజుల్లో నా దగ్గర ఒక ఫోను ఉండేది. బటన్ల ఫోనే. కానీ బస్టాండు దగ్గరి మొబైల్ షాపులో దాని మెమరీ కార్డులోకి హైదరాబాదు చుట్టుపక్కల మ్యాపంతా ఎక్కించి ఇచ్చారు. నెట్టు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, పైన ఆకాశం ఉంటే చాలు. ఫోనును నెత్తి మీద పెట్టుకుని కాసేపు నిలబడితే ఉపగ్రహాలు ఒక్కొక్కటే దొరికేవి. మా అమ్మ నమ్మేది నవగ్రహాలనైతే నేను నమ్మేది ఉపగ్రహాలను. అవి అనుకూలించాక లోపలినుంచి ఒకావిడ ఇంగ్లీషులో ఎటు తిరగాలో చెప్పేది. చిన్నప్పటినుంచీ తెలిసిన దారైనా సరే, రోజూ ఆవిడ చెప్పినట్టే డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. ఒక్కటే ఇబ్బంది. ఏ మాటైనా ఆవిడ ఒక మలుపు ఆలస్యంగా చెప్పేది. ఎడమకు తిరగమనేసరికి నేను తిరిగేసి టీ కూడా తాగుతూ ఉండేవాణ్ణి. అయినా చెప్పేవాళ్ళు ఒకరున్నారన్న ధైర్యమే వేరు.

నాన్నకు ఇక్కడి ప్లాంటులో ఉద్యోగం వచ్చి గుంటూరు వైపు నుంచి తరలివచ్చేటప్పటికి అక్క చంకలో పిల్ల. క్వార్టర్సులో పెరిగింది. అక్కడ గోడకు మేకు కొడితే కంపెనీవాళ్ళు ఒప్పుకునేవారు కాదు. పెళ్ళయ్యాక అన్నీ కిరాయి ఇళ్ళే. అక్కడ ఓనర్లు ఒప్పుకునేవారు కాదు. అక్క ఇంట్లో క్యాలెండరు ఎప్పుడూ కిటికీ చువ్వకే వేలాడేది. గాలేస్తే నెలలు మారిపోయేవి. చివరికి అమీన్‌పూర్‌లో ప్లాటు కొని ఇల్లు కట్టుకుంది. గుమ్మాలు నిలబెట్టిన రోజునుంచీ ఆ గడప దాటలేదు. సరిగ్గా ముహూర్తానికి, ముందుగా ఆవూ దూడా వెళ్ళాలి, వెనకాల తను వెళ్ళాలి. దూడ లేని ఆవు పనికిరాదు, ముహూర్తం దాటిన ఆవూ పనికిరాదు. ఈ విషయంలో బావ ఎన్ని చెప్పినా వినలేదు.

కొత్త లేఅవుట్ కాబట్టి అక్కడ రోడ్లకు పేర్లు లేవు. అన్నీ ఒకేలా ఉండేవి. ప్లాట్లు కొన్నవాళ్ళే సొంత హద్దురాళ్ళు దొరక్క తిరుగుతుండేవారు. అందుకే ఇంటికి ఇంకా స్లాబు పడకముందే, గోడల మధ్య నిలబడి ఆకాశానికి ఫోను చూపించి, ఆ చోటును దాంట్లో గుర్తు పెట్టాను. ఇక నాకెవరూ దారి చెప్పనక్కర్లేదని అందరితోనూ అన్నాను. అందరూ ఆ మాట నమ్మారు. అదే కొంప ముంచింది.

ఆవు సుల్తాన్‌పూర్‌లో ఉంది. దాని యజమానికి ట్రాలీ ఆటో కూడా ఉంది కాబట్టి, చుట్టుపక్కల వెలిసే ప్రతి కొత్త ఇంటికీ ఆవు, దూడ, రవాణా ఆయనవే. తెల్లారి నేను వెళ్ళేసరికి ఆవుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దూడతో సహా ఆటో ఎక్కించేశాడు. మార్బుల్ మీద జారుతుందేమో అని నా సందేహం చెప్పాను.

"దీనికి అలవాటే సార్. టైల్స్ అయితే జెర చూసి నడుస్తది. మార్బుల్ అయితే సీదా కిచెన్‌లకే పోతది," అన్నాడు.

దారి అడుగుతూ పోదామని ఆయన ఆలోచన. అవసరం లేదని ఫోను తీసి ముందు అద్దం దగ్గర పెట్టాను. ఆవిడ మొదటి మాట మాట్లాడగానే ఆయన ఆటోలో మోగుతున్న పాటలు ఆపేశాడు. ఆ తర్వాత నన్ను పట్టించుకోవడం మానేశాడు. మేడం తిరగమంటే తిరిగాడు. మేడం చెప్పేలోగా మలుపు దాటిపోయాం కాబట్టి వెనక్కి తిరగమంటే, నడిరోడ్డు మీద అక్కడికక్కడే తిప్పేశాడు. వెనక ఆవు తూలి నిలదొక్కుకుంది. ఆవిడ కాసేపు మాట్లాడకపోతే కంగారుపడ్డాడు.

"మేడంకు కోపమొచ్చిందా ఏంది సార్?"

రాలేదని చెప్పాను. నాకూ తెలియదు.

ఎట్టకేలకు ఆఖరి రోడ్డెక్కాం. ఆ చివర అక్క ఇల్లు కనబడుతోంది. బంతిపూల దండలు, మామిడాకులు, గేటు బయట పట్టుచీరలో పాలగిన్నె పట్టుకుని అక్క. మేడం నేరుగా వెళ్ళమంది. నేరుగా వెళ్ళాం. ఇంటికి ఇంకొంచెం దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా ఛాతీ ఎత్తున ఒక గోడ వచ్చింది.

గోడ మా బావది. ఆ రోడ్డు తిన్నగా వచ్చి వాళ్ళ గేటుకు తగులుతుంది. దాన్నే వీధిపోటు అంటారు, ఇంటికి మంచిది కాదంటారు. బావ ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. లెక్కలు తప్ప మరేదీ నమ్మడు, వాస్తు తప్ప. పక్కింటివాళ్ళను ఒప్పించి, ఇంటి పనిలో మిగిలిన ఇటుకలతో, పునాది కూడా తీయకుండా, మొన్ననే రోడ్డును మూయించాడు. చుట్టాలంతా చెరువు వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చారు.

"ఇటెందుకొచ్చావురా?" అంది అక్క గోడ అవతలినుంచి.

"రోడ్డు ఇటే ఉందిగా."

"గోడ కట్టామని మీ బావ చెప్పలేదూ?"

"నువ్వు చెప్పావనుకున్నాను," అన్నాడు బావ అక్కతో. "ఫోనుకు తెలిసే ఉంటుందనుకున్నాను," అన్నాడు నాతో.

ఆటోలోంచి మేడం మళ్ళీ పలికింది. ఆవు యజమాని తల బయటపెట్టాడు.

"మేడం సీదా పొమ్మంటుంది సార్."

"ఏ మేడం?" అంటూ బావ గోడ మీదుగా వంగి ఆటోలోకి తొంగిచూశాడు.

చుట్టూ తిరిగి వెళ్ళేలోగా ముహూర్తం దాటిపోతుందని పంతులుగారు వాచీ చూసి తేల్చారు. గోడ పడగొడదామన్నాను. బావ ఒప్పుకోలేదు. ఇంకా నీళ్ళు పడుతున్నాం, పచ్చిగోడ, చెయ్యి వేయొద్దన్నాడు. అప్పుడు బావకు ఒక ఉపాయం తట్టింది. దూడను గోడ మీదుగా అందుకుందాం, దూడ మాత్రం గోసంతతి కాదా అన్నాడు. ఒకదాని బదులు ఇంకొకటి చూపించి సర్దుబాటు చేయడం ఆయన వృత్తి. పంతులుగారు కూడా అయిష్టంగా తలూపారు.

"దూడ వెళ్తే దూడ వెనకాల మీరు వెళ్ళండి," అంది అక్క. "నేను ఆవు వెనకాలే వస్తాను. లేదంటే రేపు ఇంకో ముహూర్తం పెట్టించండి."

రేపంటే చుట్టాలందరికీ మళ్ళీ భోజనాలు. బావ ముఖంలో ఆ లెక్క కనబడింది. అయినా దూడ రానీ, తర్వాత చూద్దామన్నాడు. నేనూ ఆవు యజమానీ దూడను ఎత్తి అవతలికి అందించాం. బావ అందుకుని దించాడో లేదో అది గేటు వైపు ఉరికి, వెనక్కి తిరిగి ఒకసారి అరిచింది.

ఆటోలో ఉన్న ఆవు బదులు పలికింది. దిగడానికి వేసిన చెక్క మీదుగా ఎవరూ చెప్పకుండానే దిగింది. గోడ దాకా వచ్చి, వాసన చూసి, ఛాతీ ఆనించింది. బావ గబుక్కున పక్కకు తప్పుకున్నాడు. గోడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత మెల్లగా అవతలికి పడుకుంది. ఆవు ఇటుకల మధ్య కాళ్ళు చూసుకుని వేస్తూ దాటి, రోడ్డు ఎటు పోతే అటే, తిన్నగా గేటులోంచి, గడప మీదుగా లోపలికి పోయింది. వెనక దూడ. దాని వెనక అక్క. పంతులుగారు మంత్రాలు అందుకుంటూ వాళ్ళ వెనక పరుగెత్తారు.

"పంతులుగారూ, వీధిపోటు సంగతేమిటి?" అన్నాడు బావ వెనకనుంచి.

"వచ్చేసిందండీ, తోకతో సహా," అన్నారాయన ఆగకుండా. "ఇంక కొత్తగా రావడానికేముంది?"

వంటింట్లో పాలు పొంగాయి. అందరం చేతులు జోడించి ఉండగా ఆటోలోంచి తీసి నా జేబులో వేసుకున్న ఫోనులోంచి మేడం, ఎప్పటిలాగే ఒక మలుపు ఆలస్యంగా, మనం చేరవలసిన చోటికి చేరామని ప్రకటించింది. ఆవు యజమాని నా జేబుకు కూడా ఒక దణ్ణం పెట్టాడు. అలాంటి మేడంను తన ఫోనులోనూ ఎక్కించడానికి వీలవుతుందా అని అడిగాడు. బావ నన్ను పక్కకు పిలిచి, మ్యాపులోంచి ఆ ఒక్క రోడ్డును చెరిపేసే బటన్ ఏదైనా ఉందా అని రహస్యంగా అడిగాడు. మొబైల్ షాపులో కనుక్కుంటానన్నాను.

ఈలోగా హాల్లోంచి టక్‌టక్ మని చప్పుడు. వెళ్ళి చూస్తే, పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని అక్క కొత్త గోడకు మేకు కొడుతోంది. సున్నం పెచ్చులు రాలి కాళ్ళ పసుపు మీద పడుతున్నాయి. క్యాలెండరు తగిలించి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఒరేయ్, వంకరగా ఉందేమో చూడరా."

క్వాలిటీ సెక్షన్ కళ్ళు కదా, ఊరుకోవు. కాస్త వంకరగానే ఉంది. బాగుందని చెప్పాను.