ఆగని తాళం

మా అపార్ట్‌మెంట్‌లో కింద ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఫిడేలు వాయించేవాడు. ఊరికే వాయించడం కాదు, ఆ చెయ్యి పడితే తీగ మాట్లాడేది. హంగరీ నుంచి వచ్చిన రోమా మనిషి. ఆ జాతిని జిప్సీ అంటే మొహం ముడుచుకునేవాడు. వాళ్ల పూర్వీకులు ఎప్పుడో ఇండియా నుంచే బయల్దేరారట. అయితే చుట్టాలమే, ఇన్ని వందల ఏళ్లలో ఒక్క పలకరింపూ లేదేమి అన్నాను. నవ్వాడు. ఆయనదీ నాదీ ముక్కల ఇంగ్లీషే, అందుకే ఒకరిదొకరికి అర్థమయ్యేది.

నేను అమెరికాలో ఈ షామ్‌బర్గ్ వచ్చాక, మనవరాలిని ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్లి, వెనక బల్ల మీద కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆయనకేమో సంగీతం రాతలో రాదు. అంతా చెవితోనే.

వాళ్లలో వాయించేవాడు పోతే, మట్టి వేసేటప్పుడు తోటివాళ్లు వాయించి సాగనంపాలి. ఈయన తమ్ముడు పోయినప్పుడు ఈయన హాస్పిటల్‌లో పడున్నాడు. ఆ తమ్ముడే జీవితమంతా వెనక నిలబడి రెండో ఫిడేలు మీద దరువు పట్టినవాడు. సంవత్సరీకానికైనా సమాధి దగ్గర వాయించాలని పెద్దాయన పట్టుదల. ఒక్కడే అయితే వాయించలేడు. వెనక గోడ లేకుండా దేనికి ఆనుకోను అనేవాడు. ట్రక్ డ్రైవ్ చేసే కొడుకు ఫోన్‌లో దరువు రికార్డు పెట్టిచ్చి తన దారిన పోయాడు. ఫోన్ ఆగదు. ఈయన పాట మధ్యలో ఆగుతుంది, గుటక వేస్తుంది, ఉన్నట్టుండి పరిగెడుతుంది.

నాకు చిన్నప్పటి నుంచీ భజనలో చిడతలు వేసే అలవాటు. నేనున్నాగా అన్నాను. మధ్యాహ్నం పూట టీ పట్టుకుని దిగేదాన్ని. మా భజనలో తాళమే దేవుడు, పాడేవాడు దాని వెంట నడవాలి. ఆయన దగ్గర తలకిందులు. తాళం పాట మొహం చూస్తూ కూర్చోవాలి. అది ఊపిరి తీసుకునేదాకా చెయ్యి లేవకూడదు. నా చెయ్యి వింటేనా! ఆపుదామనుకునేలోపే పడిపోయేది.

ఒకరోజు ఫిడేలు విల్లు దించేశాడు.

"మీరూ ఫోనే మేడమ్. కాకపోతే టీ తెస్తారు."

"నా చేతిని తిట్టండి, నన్ను కాదు" అన్నాను.

ఆయన తమ్ముడి మాట ఎత్తాడు. "వాడు నా వీపు చూసి తెలుసుకునేవాడు. అదెట్లాగో చెప్పమంటే నాకే తెలీదు."

సంవత్సరీకం రోజు మా అమ్మాయి లీవ్ పెట్టి మా ఇద్దరినీ కార్‌లో తీసుకెళ్లింది. ఒక్కడినే వాయిస్తానని దారిలో అన్నాడు. సరేనని చిడతలు కోటు జేబులోనే ఉంచుకున్నాను. గాలి కోసేస్తోంది. సమాధి ముందు నిలబడి ఫిడేలు గడ్డం కింద పెట్టుకున్నాడు. విల్లు ఎత్తాడు. ఎత్తి ఆగాడు.

తమ్ముడు వెనక ఒక దెబ్బ వేశాకే ఈయన అందుకునేది. అన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? విల్లు తీగకి జానెడు పైన నిలిచిపోయింది. వెయ్యమని మా అమ్మాయి మోచేత్తో పొడిచింది. నేను వెయ్యలేదు. ఆయన చూస్తున్నది నా దెబ్బ కోసం కాదు.

చివరికి విల్లు దించి ఫిడేలు పెట్టెలో పెట్టాడు. "వాడు రాలేదు" అన్నాడు, అంతే.

తర్వాత కింద ఇంట్లో ఫిడేలు వినపడలేదు. చలి తగ్గకముందే కొడుకొచ్చి తన ఊరు తీసుకెళ్లిపోయాడు.

శనివారం భజనకి వెళ్తూనే ఉన్నాను. నా తాళం వెంట్రుకవాసి తప్పదు. అందరూ బాగుందంటారు. నాకే వినబుద్ధి కాదు.